ఎత్తే ముందు చెప్పాలె

కొత్తపేట,
21 సెప్టెంబర్ 2011

అన్నా,

ఇక్కడ అందరం క్షేమం అని రాసి కొట్టేశాను. క్షేమం లేదు. మా జ్యోతిక తొడ ఎముక విరిగింది.

పడలేదు, దెబ్బ తగల్లేదు. ఆదివారం పొద్దున మంచం మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలింది, కాలు దుప్పట్లో చిక్కుకుంది. అంతే. దాని నోరు తెరుచుకోవడం చూశాను గానీ అరుపు నాకు వినపడలేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు సుమిత్రమ్మగారు పూజ మధ్యలో లేచి పరుగెత్తుకొచ్చారంటే ఎంత గట్టిగా అరిచిందో నువ్వే ఊహించుకో. తొమ్మిదేళ్ళ పిల్లకు ఎముక విరగడం ఇది అయిదోసారి.

ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర ఒక ఎముకల దవాఖానకు తీసుకుపోయాం. లోపల కడ్డీ వెయ్యాలన్నారు. కానీ మత్తు డాక్టరు ఒప్పుకుంటేనే అని కూడా అన్నారు. ఆ మత్తు డాక్టరు చిన్నవాడు. పిల్ల కళ్ళు చాలాసేపు చూశాడు, తర్వాత నా కళ్ళు చూశాడు. "తెల్లగుడ్డు నీలంగ ఉన్నది గదమ్మా, ఇంతకుముందు ఎవరన్న అడిగిన్రా?" అన్నాడు. మా అమ్మ కళ్ళు కూడా అట్లనే ఉండేవని చెప్పాను. ఆ తర్వాత మూతికి గుడ్డ కట్టుకుని ఏదో అడిగాడు, నాకు అందలేదు. జ్యోతిక వాళ్ళ డాడీ కాగితం మీద రాసి చూపించాడు: మీ ఇంట్ల ఎవరికన్న మత్తు ఇచ్చినప్పుడు ఏమన్న అయిందా? లేదన్నాను. నాయిన ఇంతవరకు సూది కూడా వేయించుకోలేదు, అమ్మ జ్వరంతో పోయింది. అయినా ఆ డాక్టరుకు నమ్మకం చిక్కలేదు. కాలు కదలకుండా చెక్క కట్టి, చదివి చెప్తానని ఇంటికి పంపించాడు.

జ్యోతిక వాళ్ళ డాడీ సోమవారం నుంచి తెలంగాణ సమ్మెలో ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో మొత్తం బందే. పొద్దున పిల్ల పనులన్నీ చేసి, డిపో ముందు వంటావార్పుకు పోయి, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. వాళ్ళు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతుంటే నాకు ఇంట్లో పొయ్యి ముట్టించబుద్ధి కావడం లేదు. పిల్లను ఆయన ఎవ్వరినీ ముట్టుకోనివ్వడు. సుమిత్రమ్మగారిని కూడా పైకి రావద్దన్నాడు.

నిన్ను రమ్మని అడగడం లేదు. రెండేళ్ళుగా మా గడప తొక్కనివాడివి ఇప్పుడు బస్సులు లేనప్పుడు ఎట్ల వస్తావు? కానీ పద్నాలుగేళ్ళుగా ఆ బెజవాడ దవాఖానలో మత్తు డాక్టర్ల పక్కన నిలబడి పని చేస్తున్నావు కదా. దేనికి భయపడాలో, ఏం అడగాలో రాయి. ఫోన్ చేస్తే నాకు వినపడదు, ఆయన ఫోన్‌కు నువ్వు చెయ్యవు, మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలు నాకు చదవరావు. మనకు పోస్టు డబ్బానే దిక్కు.

నీ చెల్లె
రాణి


విజయవాడ,
27 సెప్టెంబర్ 2011

చెల్లె రాణికి,

రైళ్ళు ఆపారట, నీ ఉత్తరం ఆరు రోజులకు చేరింది. ఆ ఆరు రోజులూ ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో!

నేను ఆపరేషన్ థియేటర్లో వేల మందిని చూశాను రాణీ. తొమ్మిదేళ్ళ పిల్ల తొడ ఎముక దుప్పట్లో చిక్కుకుని విరగదు. ఈ మాట ఇంకెవరికైనా చెప్పు, నాకు చెప్పకు. అప్పుడు నీ మెడ దగ్గర ఎముక విరిగింది, బిందె ఎత్తుతుంటే అన్నావు. తర్వాత మణికట్టు, తలుపు సందులో పడింది అన్నావు. ఇరవై నాలుగేళ్ళకే నీ చెవులు ఎందుకు మందగించాయో నాకు తెలియదనుకున్నావా? నీ చేతికి ఆ కట్టు చూశాకే కదా దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో, డిపో వాళ్ళందరి ముందు, బాలరాజ్ కాలర్ పట్టుకున్నాను. నువ్వు పక్కనే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఉత్తరం రాశావు. "ఆయనకు జర ఆవేశం ఎక్కువ, మనసు మంచిది, నువ్వు మర్చిపో." ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది. ఆవేశం ఎక్కువైన మొగుళ్ళ పెళ్ళాలు ఇట్లాగే రాస్తారు.

నిన్ను చేసింది చాలక ఇప్పుడు పిల్లనా? ఎవ్వరినీ ముట్టుకోనివ్వడా? ఎందుకు ముట్టుకోనివ్వడు? ఒంటి మీద ఏం కనబడుతుందని?

మత్తు సంగతి తర్వాత. ముందు సుమిత్రమ్మగారిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కు పో. బండ్లు కదలగానే వచ్చి మీ ఇద్దరినీ తీసుకుపోతాను. నువ్వు భయపడుతున్నావని తెలుసు. ఇక్కడ నాకు ఒక గది, ఒక వంటిల్లు ఉన్నాయి. మనకు సరిపోతాయి.

మీ అన్న
సాయినాథ్


కొత్తపేట,
1 అక్టోబర్ 2011

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చదివి కాగితం బోర్లా పెట్టాను. మూడోసారి నవ్వొచ్చింది, నీ మీద ఒట్టు, పిచ్చిదానిలెక్క నవ్వాను. జ్యోతిక భయపడి "ఏందమ్మా" అంది.

బస్టాండులో నువ్వు ఆయన కాలర్ పట్టుకోవడం చూశాను. నువ్వేమన్నావో నాకు వినపడలేదు. నీ నోరు చూస్తే "కొట్టినవ్" అన్న ఒక్క మాట దొరికింది. ఆ డిసెంబర్ అంతా బస్సుల అద్దాలు పగలగొడుతున్నారు గుర్తుందా? నువ్వు దిగిన బస్సుకు కూడా ముందు అద్దం లేదు. నువ్వు ఆ బస్సు గురించే ఆయనను తిడుతున్నావనుకున్నా. బెజవాడలో పనిచేసే అన్న, జై తెలంగాణ అనే మొగుడు, ఇద్దరూ ఉద్యమం గురించి కొట్లాడుకుంటున్నారు, మధ్యలో నేను దేనికి అనుకున్నా. ఆవేశం అని రాసింది ఆ ఆవేశం. మర్చిపో అన్నది ఆ గొడవ. ఆయన నన్ను కొట్టడం ఏంది అన్నా? ఆయన నా మీద గొంతు ఎత్తడు. ఎత్తినా నాకు వినపడదు, అది వేరే సంగతి.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివి, మడిచి, మళ్ళీ కవరులో పెట్టాడు. "రెండేండ్ల నుంచి నీకు ఇది తెలుసా?" అని అడిగితే తల ఊపాడు. నాకెందుకు చెప్పలేదంటే, నాకు అర్థం కావాలని మెల్లగా, పెదవులు కదుపుతూ అన్నాడు: "చెప్తే నువ్వు మీ అన్నతోటి మాట్లాడుడు బంద్ చేస్తుంటివి. నీకు పుట్టింటి దిక్కు ఉన్నదే ఒక్కడు." తర్వాత లేచి పిల్లకు తల దువ్వాడు.

మొన్న మళ్ళీ దవాఖానకు పోయాం. ఆ మత్తు డాక్టరు పుస్తకాలు తిరగేసి, ఇంకెవరినో కూడా అడిగి వచ్చాడు. ఇది ఎముకలు పెళుసుగా ఉండే పుట్టుక జబ్బట. ఎముకలనూ కండరాలనూ పట్టి ఉంచే పదార్థమే ఒంట్లో సరిగ్గా తయారుకాదట. తెల్లగుడ్డు పలచనై లోపలి నీలం కనబడుతుందట. చెవి లోపల కూడా ఎముకలు ఉంటాయట అన్నా, బియ్యపు గింజంతవి. నాకు పాడైంది అవి. ఎవ్వరూ కొట్టలేదు. తల్లికి ఉంటే పిల్లల్లో సగం మందికి వస్తుందట. నా నుంచే దానికి వచ్చింది. ఎవరు విరగ్గొట్టిన్రు అని నువ్వు అడిగితే నేనే అని చెప్పుకోవాలి.

ముట్టుకోనివ్వడు అని రాసి ఎందుకో రాయలేదు, అది నా తప్పు. సుమిత్రమ్మగారు ప్రేమకొద్దీ చంకల్లో చేతులు పెట్టి లేపబోయారు. "అయ్యో, పిల్లదాన్ని కాస్త కూర్చోబెడదామనుకున్నానండీ" అని ఆమె ఇప్పటికీ బాధపడుతున్నారు. నేను ఎత్తితే నా చెయ్యి విరుగుతుందో దాని కాలు విరుగుతుందో తెలియదు. అందుకని ఆయన ఒక్కడే ఎత్తుతాడు. స్నానానికి, దొడ్డికి, ఎండ పొడకు, అన్నిటికీ.

పద్నాలుగేళ్ళు ఆ గదిలో నిలబడ్డావు, అమ్మ కళ్ళు, నా కళ్ళు ఒక్కసారి కూడా గుర్తు రాలేదా నీకు?

కింద వాకిట్లో బతుకమ్మ ఆడుతున్నారు. వంగడం, లేవడం, చేతులు కలవడం కనబడుతోంది. అలిసిపోయాను. రాయాలనిపిస్తే మత్తు గురించి రాయి, లేకపోతే వద్దు.

రాణి


విజయవాడ,
5 అక్టోబర్ 2011

చెల్లె,

నీ ఉత్తరం థియేటర్ బయట స్టూలు మీద కూర్చుని చదివాను. చదివాక లోపలికి పోయి సిలిండర్లు తుడిచాను. అవి తుడవడం నా పని కాదు.

అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు, నీకు నాలుగు. ఊళ్ళో అందరూ అమ్మను పేరు పెట్టి, "అండాలు కండ్లు నీలాలు" అని పొగిడేవాళ్ళు. ఆ పొగడ్త నేనూ నమ్మాను. మా పెద్ద మత్తు డాక్టరమ్మ కోటేశ్వరమ్మగారి పక్కన ఇన్నేళ్ళు నిలబడి కూడా మన ఇంటి కళ్ళను అందమనే అనుకున్నాను. ఇంతకంటే ఏం చెప్పను?

డాక్టరమ్మే నా మొహం చూసి "ఏంటయ్యా సాయినాథ్, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగారు. అంతా చెప్పాను. కాలర్ పట్టుకున్న సంగతి కూడా. ఆమె తిట్టలేదు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల మీద అనుమానపడటం డాక్టర్లు కూడా చేసే పొరపాటే అన్నారు. అది నాకు ఓదార్పు అనిపించలేదు.

ఆమె మీ డాక్టరుకు ఇంగ్లీషులో రాసిన కాగితం దీంతో పెడుతున్నాను. నీకు అర్థమయ్యేట్టు నేను చెప్తాను. బీపీ మిషను చేతికి కట్టే పట్టీ దానంతట అది అయిదు నిమిషాలకోసారి బిగుసుకుంటుంది. ఆ బిగింపుకే ఈ పిల్లల చెయ్యి విరగొచ్చు. దూది మందంగా చుట్టి, చేత్తో, తక్కువసార్లు చూడాలి. కండరాలు వదులు కావడానికి ఇచ్చే సూదుల్లో ఒకదానికి ముందు ఒళ్ళంతా ఒకసారి అదురుతుంది, అది అసలే వద్దు. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసేటప్పుడు మెడ వెనక్కి వంచకూడదు, పళ్ళు కూడా పెళుసే, తొందరపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మత్తులో వీళ్ళకు ఒళ్ళు ఉన్నట్టుండి వేడెక్కుతుంది. మొదటి నుంచి చివరి దాకా థర్మామీటరు ఒంటికి ఉండాలి. నోట్లో ఊట రాకుండా ముందు ఇచ్చే సూది ఒకటి ఉంది, అది వేడిని ఇంకా పెంచుతుంది, మానెయ్యాలి.

చివరిది నా పనే. మత్తులో ఉన్నవాళ్ళను స్ట్రెచర్ నుంచి బల్ల మీదికి మార్చడం. రోజుకు పది మందిని మారుస్తాను. దుప్పటి అంచులు పట్టి, ఒకటి రెండు మూడు అని, ఒక్క గుంజు గుంజుతాం. జ్యోతికను అలా గుంజకూడదు. మరి ఎలా ఎత్తాలి అని డాక్టరమ్మను అడిగితే, "చాలామంది మనుషులు, చాలా దిండ్లు, చాలా ఓపిక" అన్నారు. అంతకంటే ఆమెకూ తెలియదు.

ఇంకొక మాట. మీ అమ్మ ఎలా పోయింది అని అడిగారు. జ్వరం అన్నాను. ఎన్ని రోజుల జ్వరం అన్నారు. నాకు తెలియదు రాణీ. పొద్దున మనకు అన్నం పెట్టింది, మర్నాడు లేదు. ఇంత తొందరగా చంపే జ్వరం ఏంటో నాయినను అడిగేదాకా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దన్నారు. నాయిన ఫోన్లో ఇలాంటివి చెప్పే మనిషి కాదు. ఎదురుగా కూర్చుని అడగాలి. ఎవరు పోతారో నాకు తోచడం లేదు.

బావకు ఏం రాయాలో తెలియదు. అందుకే రాయడం లేదు.

సాయి


కొత్తపేట,
10 అక్టోబర్ 2011

అన్నా,

ఎవరు పోతారో తోచలేదా నీకు? ఆయన పోయాడు.

నీ ఉత్తరం శనివారం చేరింది. ఆదివారం తెల్లారి ఎల్బీనగర్ చౌరస్తాలో ఖాళీ ఇసుక లారీ ఎక్కాడు, చిట్యాలలో దిగాడు, అక్కడి నుంచి మన ఊరికి నడిచాడు. దసరా దాటి మూడు రోజులైనా జమ్మి ఆకు నాయిన చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాడట. అల్లుడు ఎందుకొచ్చాడో అని నాయిన బిక్కచచ్చి చూశాడట. ఈయన అడిగింది ఒక్కటే: "మామా, అత్తకు జరం ఏడ వచ్చింది?"

ఎట్ల వచ్చింది అని కాదు, ఏడ వచ్చింది అని. అదెట్ల తట్టిందో ఆయనకు.

నాయిన చెప్పింది చెప్పినట్టు ఆయన టిక్కెట్ల పుస్తకం వెనక రాసుకొచ్చాడు. నేను ఇక్కడ ఎక్కిస్తున్నాను. "నేను అబద్ధం చెప్పలే బిడ్డా. జరంతోటే పోయింది. పిల్లలు కాకుండ ఆపరేషన్ల క్యాంపు పెట్టిన్రు. ఇద్దరు చాలనుకున్నం. మా అవ్వ ఒప్పుకోదు, అందుకని ఆమెకు తెల్వకుండ తీస్కపోయిన. మత్తు సూది ఇచ్చిన్రు. బయటికి తెచ్చేసరికి ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. తడిగుడ్డ వేద్దామంటే నీళ్ళు ఏడున్నయో తెల్వదు. పొద్దుగూకంగ పోయింది. అవ్వ అడిగితే జరం అన్న. పిల్లలు అడిగితే జరం అన్న. ఇరవై ఏడేండ్లాయె, గదే అంటున్న."

నాయిన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నాయినమ్మకు భయపడి చెప్పిన ఒక్క మాట, ఆమె పోయాక కూడా ఆయనను వదల్లేదు.

ఈ రోజు పొద్దున దవాఖానకు పోయి ఆ మత్తు డాక్టరుకు చెప్పాం. రాస్తున్న కలం కింద పెట్టేశాడు. "నేను అడిగిననాడు లేదన్నరు గదమ్మా" అన్నాడు. లేదన్నాను కదా మరి. తెలిసి అబద్ధం చెప్పలేదు, తెలియక చెప్పాను. ఆ అబద్ధం మీద ఆపరేషన్ చేసి ఉంటే అమ్మకు ఇచ్చిన సూదులే పిల్లకూ ఇచ్చేవాళ్ళు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివాడు. శుక్రవారం, 14వ తారీఖు చేస్తామన్నారు. కరెంటు నాలుగు గంటలు ఉంటే నాలుగు గంటలు ఉండటం లేదు, అందుకని జనరేటర్ ముందే చూసి పెట్టుకుంటామన్నారు. చైతన్యపురిలో హాస్టళ్ళ పిల్లలంతా ఊళ్ళకు పోయారు, రోడ్డు బోసిగా ఉంది. ఆటోలో పిల్లను తీసుకుపోవడానికి అదే నయం.

భయంగా ఉంది అన్నా.

రాణి


విజయవాడ,
13 అక్టోబర్ 2011

చెల్లె,

ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

ఈసారి నీ ఉత్తరం ఒక్కరోజులో చేరింది, నిన్న బయల్దేరాను. ఒక్కరోజే సెలవు దొరికింది. కోదాడ దగ్గర ఉద్యమం వాళ్ళు బండి ఆపేశారు. దిగి, నేను నల్గొండ జిల్లావాణ్ణే, నా మేనకోడలికి ఆపరేషన్ అన్నాను. "బెజవాడ మాట మాట్లాడుతున్నవ్, నల్గొండ అంటవేందే" అని నవ్వారు. నిజమే, పద్నాలుగేళ్ళలో నా మాట మారిపోయింది. సాయంత్రం దాకా రోడ్డు పక్కన నిలబడి వెనక్కి వచ్చేశాను. ఒకప్పుడు సాక్ష్యం అడక్కుండా నేను ఒక మనిషిని ఏదో అనుకున్నాను, ఇప్పుడు నన్ను అనుకున్నారు.

బావ నంబరు నా ఫోన్లో ఉంది. మూడుసార్లు తీశాను. నొక్కలేదు.

సాయి


కొత్తపేట,
17 అక్టోబర్ 2011

అన్నా,

జ్యోతిక బాగుంది. ముందు అది చదువుకో, మిగతాది మెల్లగా చదువు.

శుక్రవారం పొద్దున దాన్ని స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా తెచ్చారు. అక్కడ ఇంకో బండి మీదికి మార్చాలట. ఇద్దరు మనుషులు దుప్పటి నాలుగు మూలలు పట్టుకున్నారు. పిల్ల మొహం తెల్లబోయింది. ఆయన వాళ్ళ మధ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి, గట్ల గుంజొద్దు." వాళ్ళు చిరాకుపడ్డారు, తండ్రులు బయట ఉండాలన్నారు. ఇంతలో మత్తు డాక్టరు లోపలి నుంచి వచ్చాడు. "మీరు ఇంట్ల ఎట్ల లేపుతరు?" అని అడిగాడు. ఆయన చెప్పలేదు, లేపి చూపించాడు. పిల్ల కిక్కురుమనలేదు. డాక్టరు పచ్చ బట్టలు, టోపీ తెప్పించి ఆయనకు ఇచ్చాడు. "లోపలికి మీరే తీస్కరండి. అయిపోయినంక బల్ల మీది నుంచి కూడ మీరే ఎత్తాలె" అన్నాడు.

పచ్చ టోపీ పెట్టుకుని పోతుంటే నీలాగే ఉన్నాడు అన్నా. ఫోటోలో నువ్వు ఉన్నట్టు.

పిల్లకు మత్తు పట్టేదాకా లోపలే ఉండి, తర్వాత బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండున్నర గంటలు. మధ్యలో కరెంటు పోయింది. నాకు వినపడలేదు గానీ నా చేతి చుట్టూ ఆయన వేళ్ళు బిగుసుకుంటే తెలిసింది. జనరేటర్ మొదలయ్యాక వదిలాయి.

ఒళ్ళు వేడెక్కింది. నూటఒకటిన్నర దాకా పోయిందని తర్వాత చెప్పాడు డాక్టరు. ఎదురుచూస్తూ ఉన్నారు కనుక చల్లటి సెలైన్, తడిగుడ్డలు పక్కనే పెట్టుకుని ఉన్నారు, అరగంటలో దించారు. అమ్మ పక్కన ఆ రోజు థర్మామీటరు పట్టుకుని ఎవరూ లేరు. నేను ఆ కుర్చీలో కూర్చుని పిల్ల కోసం ఏడ్చానో అమ్మ కోసం ఏడ్చానో నాకే తెలియదు.

మెలకువ వచ్చాక జ్యోతిక వాళ్ళ డాడీ మీద అలిగింది. "బల్ల మీదికెల్లి నన్ను ఎత్తినప్పుడు నాకు చెప్పలే" అంటుంది. "చెప్పిన బిడ్డా, నువ్వు నిద్రల ఉన్నవ్" అంటాడు ఆయన. నమ్మదు. చివరికి డాక్టరే వచ్చి సాక్ష్యం చెప్పాడు: "మత్తుల ఉన్న పిల్లకు వంగి చెవుల చెప్పి మరీ ఎత్తిండమ్మా మీ డాడీ. నేను ఎన్నడు సూడలే."

కొత్త విరుగులు ఒక్కటి కూడా లేవు. పళ్ళు కూడా అన్నీ ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. ఆర్టీసీ సమ్మె ఆగిపోయిందట, రేపు ఆయన డ్యూటీ ఎక్కుతాడు. పిల్లకు ఎవరు తోడుంటారో ఇంకా తేలలేదు.

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. నంబరు తీసి నొక్కలేదన్న మాట కూడా ఆయనకు చదివి వినిపించాను.

నీ చెల్లె
రాణి


విజయవాడ,
21 అక్టోబర్ 2011

బావా,

ఈ రెండు అక్షరాలు రాయడానికి రెండు కాగితాలు చింపాను.

నీకు క్షమాపణ చెప్పే మాట ఏదీ నాకు సరిపోయేట్టు కనబడలేదు. అందరి ముందు చేసిన తప్పును కవరులో పెట్టి అతికించి పంపితే చెల్లదు. ఆ బస్టాండులోనే, ఆ డిపో వాళ్ళ ముందే చెప్పుకోవాలి. వచ్చే నెల మొదట్లో వారం సెలవు పెట్టాను. నువ్వు డ్యూటీకి పోతే పిల్ల దగ్గర నేను ఉంటాను, నువ్వు ఉండనిస్తే.

ఇంకొక సంగతి అడగాలి, ఇది నా పని కోసం. నిన్న మా దగ్గరికి ఆరేళ్ళ పిల్లవాడు వచ్చాడు, నీలి కళ్ళు. ఈసారి నేనే ముందు చూశాను. సోమవారం వాడికి ఆపరేషన్ అనుకున్నారు, డాక్టరమ్మ నెలాఖరుకు మార్చారు. బల్ల మీదికి వాణ్ణి మార్చాల్సింది నేను. పద్నాలుగేళ్ళుగా మనుషుల్ని ఎత్తుతున్నాను బావా, నాకు ఎత్తడం రాదని ఇప్పుడు తెలిసింది. నువ్వు జ్యోతికను ఎలా ఎత్తుతావో రాసి పంపు.

సాయినాథ్


కొత్తపేట,
25 అక్టోబర్ 2011

బావకు,

నాకు కాగితం తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. రాణి తప్పులు దిద్దుత అన్నది, వద్దన్న.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమైతది. రెండేండ్లు డిపోల చాయ తాగేటప్పుడు గూడ పక్కోడు నన్ను ఒక తీరు చూసేటోడు. పెండ్లాన్ని కొట్టేటోడు అని. నోటితోటి ఎవ్వరు అనలే. అంటే జవాబు చెప్పేటోన్ని. అయినా ఒక్కటి మాత్రం నాకు తెలుసు, నువ్వు చెల్లె కోసం పట్టినవ్ కాలర్. నాకు చెల్లె ఉంటే నేను గూడ పడ్తుంటి.

ఎత్తుడు సంగతి అడిగినవ్. చంకల చేతులు పెట్టొద్దు. కాళ్ళు పట్టి లేపొద్దు. ఒక చెయ్యి భుజాల కింద, మెడ మోచేతి మీద ఆగాలె. ఇంకో చెయ్యి పిర్రల కింద, వేళ్ళు బార్లా తెరిచి పెట్టాలె, వేళ్ళతోటి ఒత్తొద్దు. పిల్లను నీ దిక్కు గుంజొద్దు. నువ్వే వంగి పిల్ల దగ్గరికి పోవాలె, నీ ఛాతీకి ఆనినంకనే నువ్వు లేవాలె. గడియారం చూడొద్దు.

ఇవన్ని తర్వాత. అన్నిటికంటె ముందు, ఎత్తే ముందు చెప్పాలె. బిడ్డా, ఎత్తుతున్న అని చెప్పి, ఊ అన్నంకనే చెయ్యి వెయ్యాలె. చెప్పకుండ ముట్టుకుంటే ఉలిక్కిపడ్తది. జ్యోతికకు రెండోసారి చెయ్యి ఇరిగింది నా చేతులనే, నిద్రల ఉన్నదాన్ని చెప్పకుండ ఎత్తబోయిన, ఉలిక్కిపడి నా చేతులనే టక్కుమన్నది. రాణికి తెలుసు, ఇంకెవ్వరికి తెల్వదు. నువ్వు ఆనాడు కొట్టినవ్ అన్నప్పుడు నా నోరు లేవకపోవుడు అందుకే. కొట్టలే, గని నా చేతుల ఇరిగింది నిజమే గద అనుకున్న. అప్పటి నుంచి చెప్పకుండ ఎత్తలే, మత్తుల ఉన్నా సరే. మీ పిల్లగానికి గూడ చెప్పు, నిద్రల ఉన్నా చెప్పు.

వస్త అన్నవ్, రా. పిల్ల మామ ఎప్పుడొస్తడు అని రోజు అడుగుతున్నది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ల దిగు, అదే జాగల. నువ్వు మాఫీ గీఫీ ఏం చెప్పకు, అందరి ముందట నాకు సిగ్గు. ఈ దసరాకు మనకు ఒకరినొకరు అలుముకునే అలాయ్ బలాయ్ లేకపాయె. నువ్వు బస్సు దిగంగనే దగ్గరికొచ్చి రెండు చేతులతోటి గట్టిగ పట్టుకుంట. ఉలిక్కిపడకు బావా, ముందుగల్లనే చెప్తున్న.

బాలరాజ్